పరువు సరే, వీసా మాటేంటి?

అమెరికాలో మనవాళ్ళు మానసిక ఆరోగ్యం మీద ఏ మీటింగు పెట్టినా చివరికి తేల్చేది ఒకటే: "మనకి పరువు పట్టింపు ఎక్కువండీ, అందుకే దాచేస్తాం." వినీ వినీ విసుగొచ్చింది. పరువు పట్టింపు లేదని ఎవరన్నారు, బోలెడంత ఉంది. కానీ స్కిజోఫ్రీనియానో బైపోలారో వచ్చిన పిల్లాడి తల్లిదండ్రుల దగ్గర కాసేపు కూర్చోండి. గొంతు తగ్గించి వాళ్ళు అడిగే మొదటి ప్రశ్న, "దీనివల్ల గ్రీన్ కార్డుకి ఏమైనా అవుతుందా అండీ?"

వయసు లెక్క చూడండి. మగపిల్లల్లో స్కిజోఫ్రీనియా ఎక్కువగా బయటపడేది టీనేజీ చివర్నుంచి ఇరవైల మధ్యలోపు. హెచ్-4 మీదున్న, అంటే తల్లిదండ్రుల ఉద్యోగ వీసా మీద ఆధారపడి ఉన్న పిల్లలకి ఆ స్టేటస్ పోయేది 21కి. సరిగ్గా జబ్బు తలకెక్కే రోజుల్లోనే కాళ్ళ కింద వీసా కూడా జారిపోతుంది. స్టూడెంట్ వీసా ఎఫ్-1కి మారుద్దామంటారు అందరూ. బ్యాచిలర్స్ చదివేవాడైతే సెమిస్టరుకి కనీసం 12 క్రెడిట్లు తీసుకోవాలి. పట్టపగలు కర్టెన్లు వేసుకుని, లాప్‌టాప్ కెమెరాకి టేపు అంటించి, అమ్మ తెచ్చిన కంచంలో ఏదో కలిపారని తలుపు దగ్గరే వదిలేసే పిల్లాడు 12 క్రెడిట్లు ఎలా చదువుతాడండీ?

అనారోగ్యం ఉంటే కోర్సులు తగ్గించుకునే వీలుంది. డాక్టరో, లైసెన్సున్న క్లినికల్ సైకాలజిస్టో రాసిస్తే ఒక్కో డిగ్రీ స్థాయిలో మొత్తం 12 నెలల దాకా ఇస్తారు. అయితే కోర్సు వదిలేయకముందే కాలేజీలో అంతర్జాతీయ విద్యార్థుల ఆఫీసు ఒప్పుకోవాలి. మనవాళ్ళు అక్కడికి వెళ్ళేది అన్నీ ఫెయిలయ్యాక. ముందే వెళ్తే జబ్బు పేరు రికార్డుకెక్కుతుందని భయం.

ఆ భయానికి ఆధారం ఎంతుందో ఎవరూ చెప్పరు, నా కోపమంతా అక్కడే. మానసిక జబ్బు ఉన్నంత మాత్రాన గ్రీన్ కార్డు ఆపమని చట్టంలో లేదు. గ్రీన్ కార్డుకి చేసే మెడికల్ పరీక్షలో చూసేది, ఆ జబ్బు వల్ల తనకో పక్కవాళ్ళకో హాని చేసే ప్రవర్తన ఉందా, ఒకప్పుడు ఉంటే మళ్ళీ వచ్చేలా ఉందా అని. మందులు వాడుతూ నిలకడగా ఉన్నాడని డాక్టరు రాసిస్తే ఆ ఉత్తరం అక్కడ పనికొస్తుంది. దాచిపెట్టి, మందుల్లేక, ఒక రాత్రి గొడవై పోలీసులు కేసు రాశారనుకోండి, అప్పుడు మొదలవుతుంది అసలు తలనొప్పి. దేనికి భయపడి దాచారో చివరికి దాన్నే కొనితెచ్చుకున్నట్టు.

ఇక "కొన్నాళ్ళు ఇండియా పంపేయండి, గాలి మారితే సర్దుకుంటాడు" అనే మహానుభావులకి ఒక దణ్ణం. అక్కడ మందులు ఎవరు వేయిస్తారో, తిరిగి రావడానికి పాస్‌పోర్టులో వీసా స్టాంపింగు ఎవరు చూసుకుంటారో కూడా చెప్పి పుణ్యం కట్టుకోండి.

ఆసుపత్రులది ఇంకో కథ. ఒక పెద్దావిడకి తోడుగా వెళ్ళాను. కూతురు ఆఫీసులో ఇరుక్కుపోయింది, మాటలు అటూ ఇటూ చేరవేసే పని పన్నెండేళ్ళ మనవరాలి మీద పడింది. చనిపోవాలని అనిపిస్తోందా అని డాక్టరు అడిగాడు. ఆ పిల్ల కాసేపు నేల చూసి, "అమ్మమ్మా, నీకు దిగులుగా ఉందా?" అంది. ఆవిడ "లేదు తల్లీ" అంది. డాక్టరు లేదని టైపు చేసుకున్నాడు. పిల్లనేమంటాం? ప్రభుత్వ సొమ్ము తీసుకునే ఆసుపత్రి ఏదైనా ఉచితంగా ఇంటర్‌ప్రెటర్‌ని ఇవ్వాలి, ఎమర్జెన్సీలో తప్ప చిన్నపిల్లల్ని ఆ పనికి వాడకూడదు. తెలుగు కావాలని గట్టిగా అడిగాక ఫోన్లో దొరికారు. అదే ప్రశ్న మళ్ళీ అడిగితే ఆవిడ చాలాసేపు మాట్లాడింది. పిల్లని అప్పటికే బయటికి తీసుకెళ్ళాను.

పిల్లాడికి 18 దాటితే "ప్రైవసీ చట్టం, మేమేమీ చెప్పలేం" అంటారు. వాళ్ళు చెప్పే ఆ చట్టం పేరు హిప్పా, 1996 నాటిది. అది డాక్టరు నోటికి కొన్ని హద్దులు పెట్టింది కానీ చెవులు మూయలేదు. మీరు చెప్పేది వినడానికి ఎవరి సంతకమూ అక్కర్లేదు. నిద్ర ఎప్పట్నుంచి మానేశాడు, ఏ మందు ఎప్పుడు ఆపాడు, ఎవరి మీద అనుమానం, ఇంట్లో ఏం జరిగింది, ఒక పేజీలో తేదీలతో రాసి ఇవ్వండి. అయితే ఆ కాగితం ఒకరోజు మీ అబ్బాయి కూడా చూడొచ్చు, అది మనసులో పెట్టుకుని రాయండి. పరిస్థితి చెయ్యి దాటేలా ఉంటే మానసిక సంక్షోభాల హెల్ప్‌లైన్ 988కి ఫోన్ చేయండి, ఇంటర్‌ప్రెటర్ కావాలని అడగొచ్చు. పోలీసుల్ని పిలిచే 911 తప్పదనుకుంటే, ఇది మానసిక జబ్బు, ఆయుధం ఏమీ లేదు (లేకపోతేనే), సీఐటీ (మానసిక సంక్షోభంలో ఉన్నవాళ్ళతో ఎలా మెలగాలో నేర్పే) ట్రైనింగున్న ఆఫీసర్ని పంపండి అని మొదటి మాటే చెప్పండి.

ఇక్కడి తెలుగు సంఘాల పెద్దలకి ఒక విన్నపం. ఈసారి కన్వెన్షన్లో మానసిక ఆరోగ్యం సెషన్ పెడితే సైకియాట్రిస్టు పక్కన ఇమ్మిగ్రేషన్ లాయర్ని కూడా కూర్చోబెట్టండి. ప్రశ్నలు మైకులో అడగమనకండి. చీటీల మీద, పేరు లేకుండా తీసుకోండి.