ఓటీపీ ఎవరి ఫోన్‌కి రావాలి?

అనంతపురం టవర్ క్లాక్ దగ్గర ఉగ్గాని, బజ్జీ తింటుండగా మొదలైన వాదన ఇది. డిగ్రీ అయిన పిల్లలకు దాతల సొమ్ముతో స్టైఫండ్ ఇచ్చి, ఏడాదో రెండేళ్లో పల్లెల్లో పనిచేయించే ఫెలోషిప్పుల మీద. ఒకరు పాతికేళ్లుగా పల్లెల్లో తిరుగుతున్న స్వచ్ఛంద సంస్థ ఆర్గనైజర్. ఇంకొకరు ఆయన స్నేహితుడి కూతురు. ఫెలోషిప్ చేసి, ఇప్పుడు బెంగళూరులో ఒక కంపెనీ సీఎస్ఆర్ విభాగంలో (లాభాల్లో కొంత సమాజం కోసం ఖర్చుపెట్టే విభాగం) పనిచేస్తోంది. నా మనసు ఆర్గనైజర్ వైపే. కానీ ఆ అమ్మాయి చెప్పిన కుట్టు మిషన్ల సంగతి మాత్రం నన్ను వదల్లేదు.

ఆర్గనైజర్: పాపా, సూటిగా అడుగుతా. ఎస్‌బీఐ వాళ్ల ఫెలోషిప్ 13 నెలలు, గాంధీ ఫెలోషిప్ రెండేళ్లు. మన దగ్గర ఒక ఏడాది వాన పడితే రెండేళ్లు మొహం చాటేస్తుంది. 13 నెలల్లో ఈ నేల ఏం అర్థమవుతుంది?

ఫెలో: అంతా అర్థమవుతుందని ఎవరన్నారు మామా? ఈ జిల్లాలోనే పుట్టి, ఇంజినీరింగ్ చదివి, ఇరవై రెండేళ్లు వచ్చేదాకా పొదుపు సంఘం మీటింగ్ ఎట్లా జరుగుతుందో నేను చూడలేదు. ఆ ఏడాది లేకపోతే ఇప్పటికీ చూసేదాన్ని కాదు.

ఆర్గనైజర్: నువ్వు నేర్చుకున్నావు, సంతోషం. సంఘానికేం మిగిలింది? దాతలు డబ్బిచ్చింది నీ చదువుకా, పల్లెకా?

ఫెలో: 2014 నుంచి ఏటా 5 కోట్లు, ఆపైన లాభమొచ్చే కంపెనీలు గత మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం సీఎస్ఆర్‌కి ఖర్చు పెట్టాలి. ఆ డబ్బు ఎక్కడికి పోవాలో ఫైళ్లు రాసేది నాలాంటివాళ్లే. మొన్న ఒక ప్రపోజల్ వచ్చింది, ఊళ్లో ఆడవాళ్లందరికీ కుట్టు మిషన్లని. నేను ఒప్పుకోలేదు. మీ పల్లెలో మూలన పాత చీర కప్పిపెట్టిన మిషన్లు చూశాను కాబట్టి. అవి చూడని మనిషి నా కుర్చీలో ఉంటే ఏం చేసేది?

(ఆయన కాసేపు మాట్లాడలేదు. ఆ మిషన్లు ఇప్పించినవాళ్లలో ఆయనా ఉన్నారు.)

ఆర్గనైజర్: సరే, ఒప్పుకుంటా. మరి నీ యాప్ సంగతి? సంఘం లెక్కలు ఎర్ర అట్ట రిజిస్టర్లో ఉండేవి. పేరు, విత్తనాలకు తీసుకున్న అప్పు, కట్టిన కంతు, పక్కన వేలిముద్ర. అన్నీ ట్యాబ్‌లోకి ఎక్కించావు. నువ్వు పోయిన నెలకే ట్యాబ్ లాగౌట్ అయింది. ఓటీపీ నీ నంబరుకి! పన్నెండు మంది ఆడవాళ్లు కూలి మానుకొని వచ్చి, రచ్చబండ మీద కూర్చొని నీకు ఫోన్ల మీద ఫోన్లు చేశారు. నువ్వు ఇంటర్వ్యూలో ఉన్నావు.

ఫెలో: తప్పు నాదే మామా. కానీ ఆ తర్వాత ఈ మూడేళ్లలో ఒక్క ఓటీపీ ఆలస్యం చేశానా? రాత్రి పదకొండింటికి అడిగినా పంపాను. శనక్కాయ నూనె అమ్మడానికి ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ఆహార భద్రత లైసెన్స్ ఎట్లా తీసుకోవాలో మీ సంఘానికి చెప్పింది కూడా మా పాత ఫెలోల గ్రూపులోని అమ్మాయే. మేం వదిలేసి పోలేదు.

ఆర్గనైజర్: నా బాధ అదే తల్లీ. మూడేళ్లయినా సంఘం తాళంచెవి బెంగళూరులోనే ఉంది. నువ్వు మంచిదానివి కాబట్టి నడుస్తోంది. విన్సెంట్ ఫెర్రర్ 1969లో అనంతపురం వచ్చారు. పల్లెల కోసం ఆర్డీటీ అనే స్వచ్ఛంద సంస్థ పెట్టి, 2009లో కన్నుమూసేదాకా ఇక్కడే ఉన్నారు. నలభై ఏళ్లు!

ఫెలో: అందరూ నలభై ఏళ్లు ఉండలేరు. ఇంటి అప్పుంది, నాన్న మందులున్నాయి. ఉండలేనివాళ్లు అసలు రాకూడదంటావా?

ఆర్గనైజర్: రావాలి. వచ్చినవాళ్లు ఊళ్లో ఇంటర్ చదివిన పిల్లను పక్కన కూర్చోబెట్టుకొని పని నేర్పాలి. ఆ పిల్లకూ స్టైఫండ్ ఇవ్వాలి. మీ పాత ఫెలోల గ్రూపులో ఆ పిల్ల నంబరూ ఉండాలి. డబ్బిచ్చేవాళ్లకు నువ్వు చెప్తే వింటారు, నేను చెప్తే వినరు.

ఫెలో: (ఫోన్ తీసి) రాసుకుంటున్నా. ముందు లీడరక్క నంబరు చెప్పు. ఓటీపీ ఇప్పుడే మారుస్తా.

ఆర్గనైజర్: ఆయమ్మది కీప్యాడ్ ఫోన్.

ఫెలో: ఓటీపీకి అది చాలు మామా. చెప్పు.