ఒరేయ్, ఇంకోసారి ట్రైలర్ అని పంపావంటే చూడు

పొద్దున్నే ఐదున్నరకి ఫోన్ మోగింది. హాస్టల్ గ్రూపులో మా పాత రూమ్‌మేట్ పంపిన వీడియో. "ఎక్స్‌పాన్స్ సినిమా, అఫీషియల్ ట్రైలర్" అని, పక్కన మూడు మంటల బొమ్మలు. ఎక్స్‌పాన్స్ అంటే నేను పడి చచ్చే ఇంగ్లీషు అంతరిక్ష సీరియల్. సిగ్గు విడిచి చెప్తున్నా, చెయ్యి వణికింది. నిద్రపోతున్న మా ఆవిడని లేపి మరీ చూపించాను. అర నిమిషం చూసి, "ఈవిడ పవిట ఇందాక ఎడమ భుజం మీదుంది, ఇప్పుడు కుడివైపుకి ఎలా వచ్చింది?" అని అటు తిరిగి పడుకుంది.

ఏఐ వీడియో! అందులోని రోసినాంటే అనే అంతరిక్ష ఓడ కూడా సిటీ బస్సుకి బ్రేకేసినట్టు ఎదురుగా వచ్చి ఆగింది. ఆ సీరియల్ ఒక్క ఎపిసోడ్ చూసినవాడికైనా తెలుసు, అంతరిక్షంలో ఆగాలంటే సగం దారిలో ఓడని వెనక్కి తిప్పి ఇంజన్ వెలిగించాలని. మేం ప్రాణం పెట్టేది ఆ తిప్పడానికే కదా!

అసలు ఈ ట్రైలర్ నిజం కాకపోవడమే అన్యాయం. ఈ సీరియల్‌కి మూలమైన పుస్తకాలు 9. సీరియల్ ఆరో పుస్తకం దాకా వచ్చి, 2022 జనవరిలో దుకాణం కట్టేసింది. 6 సీజన్లు, 62 ఎపిసోడ్లు. అందులో ఆఖరి సీజన్‌కి దానం చేసినట్టు ఆరే ఎపిసోడ్లు. పోనీ కథ ముగించారా? ప్రతి ఎపిసోడ్ మొదట్లో లకోనియా గ్రహం మీద కారా అనే పిల్లని, ఆ వింత కుక్కల్ని చూపించి ఊరించారు. చివరికి ఆకేసి, నీళ్లు చల్లి, వడ్డించకుండా వంటవాడు వెళ్లిపోయినట్టయింది. మిగతా మూడు పుస్తకాలూ అచ్చయి షాపుల్లో ఉన్నాయి. కథ కోసం ఎవరూ జుట్టు పీక్కోనక్కర్లేదు. మూడు పుస్తకాలు, మూడు సినిమాలు. నా లెక్క తప్పా?

"నటులకి వయసైపోతోంది కదా" అంటాడొకడు. నాయనా, ఏడో పుస్తకం దాదాపు 30 ఏళ్ల తర్వాత మొదలవుతుంది! వాళ్లకి జుట్టు నెరవడమే కావాలి. అరవై దాటిన హీరో కాలేజీ ఫస్టియర్‌లో చేరితే ఈలలేసే మనమా వయసు గురించి మాట్లాడేది?

అన్నట్టు, ఆ పవిట ఆవిడ పేరు అవసరాల. అచ్చంగా మన ఇంటిపేరు. చీర కట్టుకుని, నోటికొచ్చిన బూతులు తిడుతూ ఐక్యరాజ్యసమితిని ఏలుతుంది. వేసింది ఇరాన్‌లో పుట్టిన షోరే అగ్దష్లూ. ఆ జీరగొంతు వింటే మా మేనత్త గుర్తొస్తుంది. మా ఆవిడ ఆరు సీజన్లూ చూసింది ఆ చీరల కోసమే. అలాంటి మనిషికి పవిట కట్టడం రాని కంప్యూటర్‌తో ట్రైలరా?

2018లో సైఫై ఛానల్ ఎక్స్‌పాన్స్‌ని మూడు సీజన్లకే ఆపేస్తే, అభిమానులు చందాలేసుకుని అమెజాన్ స్టూడియోస్ ఆఫీసు మీదుగా బ్యానర్ కట్టిన విమానం ఎగరేశారు. అమెజాన్ వాళ్లు తీసుకున్నారు, ఇంకో మూడు సీజన్లు తీశారు. అంటే అడిగితే ఇస్తారు. ఫైర్‌ఫ్లై అనే ఇంకో అంతరిక్ష సీరియల్ సంగతి చూడండి. 2002లో ఫాక్స్ ఛానల్ వాళ్లు ఎపిసోడ్లని తలాతోకా లేకుండా వేసి, తీసిన 14లో 11 మాత్రమే ప్రసారం చేసి ఆపేశారు. ఆ 14కే 2005లో సినిమా వచ్చింది. మాకు 62 ఉన్నాయండీ!

ఫైర్‌ఫ్లై అంటే గుర్తొచ్చింది. నిజానికి నా మంట ఈ వీడియోతో మొదలైంది కాదు. 2009, హాస్టల్. హార్డ్ డిస్క్ కోసం వారం రోజులు క్యూలో ఉండి, రెండు రాత్రుల్లో 14 ఎపిసోడ్లూ చూశాను. మూడో రాత్రి సినిమా పెడుతుంటే వీడే, ఈ ట్రైలర్ మహానుభావుడే, పళ్లు తోముకుంటూ వచ్చి "ఇందులో వాడు చచ్చిపోతాడు రా" అని చెప్పి, వెళ్లి పుక్కిలించాడు. ఎవరు పోతారో ఇక్కడ రాయను. మీలో చూడనివాళ్లుంటారు, నేను వాడిలాంటివాణ్ణి కాదు. ఆ సీన్ వచ్చినప్పుడు నాకు ఏడుపు రాలేదు. వాడి బ్రష్షే గుర్తొచ్చింది. అప్పటికీ ఇప్పటికీ వాడు సారీ చెప్పలేదు.

ఇవాళా చెప్పలేదు. "లైట్ తీస్కో మామా" అన్నాడు. గ్రూపులోంచి బయటికొచ్చేశాను.

సాయంత్రం ఎవరైనా మళ్లీ యాడ్ చెయ్యండి. నిజం ట్రైలర్ వస్తే ముందు పంపేది ఆ వెధవే.