"తాగుడు మానేదాకా ఓర్చుకో" అనే సందేశానికి జవాబు

రెండు వారాల్లో ఒకే సందేశాన్ని నాకు తొమ్మిది మంది పంపారు. పంపినవారిలో చాలామంది నాకు ఆప్తులు, మనసున్నవారు. అందుకే చూసీ చూడనట్టు ఊరుకోలేక ఇంత వివరంగా రాస్తున్నాను. "భార్యను కొట్టే భర్త చెడ్డవాడు కాదు, రోగి" అని మొదలయ్యే ఆ సందేశం చెప్పేవి ఆరు మాటలు: కొట్టడానికి కారణం మద్యం ఒక్కటే, మత్తులో ఉన్నవాడికి తానేం చేస్తున్నాడో తెలియదు, చిన్నప్పుడు దెబ్బలు తిన్నవాడు పెద్దయ్యాక కొట్టి తీరతాడు, ఘాటైన మద్యం వదిలి బీరుకు మారితే కోపం తగ్గుతుంది, తానూ తాగే భార్యకు ఫిర్యాదు చేసే హక్కు లేదు, ఎదురు మాట్లాడకుండా అతను మానేదాకా ఓర్చుకుంటే సంసారం నిలబడుతుంది. వీటన్నిటి కింద "పరిశోధనల్లో తేలిన నిజం" అన్న ముద్ర ఒకటి.

బీరు సంగతి ఒక్క ముక్కలో తేల్చవచ్చు. సీసా ఏదైనా అందులో మత్తెక్కించేది ఇథనాల్ అనే ఒకే పదార్థం. ఒంట్లోకి ఎంత వెళ్లిందన్నదే లెక్క.

మొదటి అంశం దగ్గర మాత్రం నేను ఒక తప్పు ఒప్పుకోవాలి. "తాగుడు వట్టి సాకు" అని నేను ఏళ్ల తరబడి వాదించాను. ఆ మాట నిలబడదు. మద్యం మనిషిలో దూకుడును నిజంగానే పెంచుతుందని, ప్రయోగశాలల్లో జరిగిన అధ్యయనాలను కలిపి చూసిన పరిశోధకులు బుష్‌మన్, కూపర్ 1990లోనే చూపించారు. మత్తులో ధ్యాస కుంచించుకుపోతుందని, ఎదుట కనిపించిన చిరాకు కొండంతై, రేపటి పర్యవసానం మసకబారుతుందని అదే ఏడాది స్టీల్, జోసెఫ్స్ వివరించారు. అయితే "కారణాల్లో ఒకటి" అనడానికీ "కారణం ఒక్కటే" అనడానికీ చాలా దూరం ఉంది. ఫొరాన్, ఓలియరీ 2008లో ఎన్నో అధ్యయనాలను కలిపి లెక్కగడితే, మగవారి తాగుడుకూ భాగస్వామిపై వారు చేసే హింసకూ మధ్య తేలిన సంబంధం చిన్నదానికీ మధ్యస్థానికీ నడుమ ఉంది. తాగే మగవారిలో ఎందరో చెయ్యెత్తరు. చుక్క ముట్టకుండానే కొట్టేవారూ ఉన్నారు.

"ఏం చేస్తున్నాడో తెలియదు" అన్న మాట వింటే నాకు ఓపిక నశిస్తుంది. 1975లో లాంగ్ బృందం చేసిన ప్రయోగంలో, గ్లాసులో మద్యం లేకపోయినా ఉందని నమ్మినవారు ఎక్కువ దూకుడు చూపించారు. తాగినవాడి ప్రవర్తన సమాజాన్ని బట్టి మారుతుందని మెకాండ్రూ, ఎడ్జర్టన్ 1969లోనే ఎన్నో ఉదాహరణలతో చూపారు. అంతదాకా ఎందుకు, నాకు తెలిసిన ఒక ఇంట్లో జరిగింది చెబుతాను. ఆ రాత్రి అతను తూలుతూ వచ్చి ఆమె ఫోన్‌ను నేలకేసి కొట్టాడు. తన ఫోన్‌ను మాత్రం జేబులోంచి తీసి జాగ్రత్తగా ఛార్జింగ్‌కు పెట్టాడు. దెబ్బలన్నీ వీపు మీద, భుజాల మీద పడ్డాయి. మర్నాడు నలుగురికీ కనిపించే ముఖం మీద ఒక్కటీ లేదు. దారిలో ఎదురైన పెద్దాయనకు ఒద్దికగా నమస్కారం పెట్టే ఇంటికి వచ్చాడట. ఎవరి మీద చెయ్యెత్తవచ్చో, ఎవరి మీద ఎత్తకూడదో అంత మత్తులోనూ తెలిసినవాడికి ఏమీ తెలియదని మనం ఎలా అంటాం?

మూడో అంశం బాధిత పిల్లలకు చేస్తున్న అన్యాయం. బాల్యంలోని గాయం పెద్దయ్యాక వెంటాడుతుందనడంలో సందేహం లేదు. 1998లో వెలువడిన ఫెలిట్టి బృందం అధ్యయనంలో, బాల్యంలో నాలుగు లేదా అంతకన్నా ఎక్కువ రకాల ప్రతికూల అనుభవాలు ఎదుర్కొన్నవారికి, అవేవీ లేనివారితో పోలిస్తే, తాగుడు వ్యసనం, కుంగుబాటు, ఆత్మహత్యా ప్రయత్నం వంటి ముప్పులు నాలుగు నుంచి పన్నెండు రెట్లు పెరిగాయి. కానీ "కొట్టి తీరతాడు" అని ఎవరు తేల్చారు? హింసకో నిర్లక్ష్యానికో గురైనట్లు న్యాయస్థానాల్లో నిర్ధారణ అయిన 908 మంది పిల్లలను, అలాంటి చరిత్ర లేని 667 మందితో పరిశోధకురాలు విడమ్ పోల్చి చూశారు. 1989లో వెలువడిన ఆ ఫలితాల్లో హింసాత్మక నేరాలకు అరెస్టయినవారు మొదటి వర్గంలో సుమారు 11 శాతం, రెండో వర్గంలో సుమారు 8 శాతం. అరెస్టుల లెక్క ఇంట్లో పడే దెబ్బల లెక్క కాదు, నిజమే. అయినా తేడా ఎంత స్పష్టమో, దెబ్బలు తిన్న పిల్లల్లో అత్యధికులు ఆ దారిన పోలేదన్నదీ అంతే స్పష్టం. గాయం ఉన్నవాడికి చికిత్స అందాలి. ఆ చికిత్సకయ్యే మూల్యాన్ని భార్య ఒంటితో చెల్లించమనడం ఏ వైద్యం?

భార్య తాగుడు గురించిన అంశం కార్యకారణాలను తలకిందులు చేస్తోంది. డెవ్రీస్ బృందం 2014లో చేసిన సమీక్షలో సంబంధం రెండు వైపులా కనిపించింది: తాగే స్త్రీలు హింసకు గురయ్యే అవకాశం ఎక్కువ, హింసకు గురైన స్త్రీలు ఆ తర్వాత తాగుడుకు లోనయ్యే అవకాశమూ ఎక్కువ. నిద్ర పట్టని రాత్రికి, ఉలికిపాటుకు మందుగా గ్లాసు పట్టుకున్న మనిషి ఫిర్యాదు చేసే హక్కును ఎక్కడ పోగొట్టుకుంది?

ఇక ఆరో అంశం. నేను ఇదంతా రాయడానికి కారణం ఇదే. ఆ తొమ్మిది మందిలో ఒకామె దీన్ని వాదన కోసం పంపలేదు. "ఇంకొన్నాళ్లు చూడమంటున్నారు అక్కా, చూడనా?" అని కింద ఒక్క వాక్యం రాసి పంపింది. అతను చివరిసారి తాగి నలభై రోజులైందట. ఆమె ఎవరితో ఎంతసేపు మాట్లాడిందో ఇప్పటికీ ఫోన్ తీసి చూస్తాడట. తలుపు తాళం తిరిగే చప్పుడును బట్టి ఆ రాత్రి ఎలా గడవబోతోందో ఇప్పటికీ పోల్చుకోగలనని ఆమె చెప్పింది. ఎదురు మాట్లాడకపోతే కొట్టడన్న సలహా ఆమెకు కొత్తది కాదు. దాన్ని ఆమె ఏళ్లుగా పాటిస్తూనే ఉంది.

ఓర్పు ప్రాణాలు కాపాడుతుందని చెప్పేవారు ఒక లెక్క చూడాలి. గ్లాస్ బృందం 2008లో ప్రకటించిన అధ్యయనం ప్రకారం, భాగస్వామి గతంలో గొంతు నులిమి ఉంటే ఆ స్త్రీ హత్యకు గురయ్యే అవకాశం ఏడు రెట్లకు పైగా పెరుగుతుంది. గొంతు నులిమినా చాలాసార్లు పైకి గుర్తు కనిపించదు. అలాగని వెంటనే గడప దాటమని ఆవేశంగా చెప్పడమూ ప్రమాదమే: మితిమీరి అదుపు చేసే భర్త నుంచి విడిపోయినప్పుడు ఆ ముప్పు సుమారు తొమ్మిది రెట్లని క్యాంప్‌బెల్ బృందం 2003లో తేల్చింది. కనుక ఎప్పుడు, ఎవరి తోడుతో, ఏయే కాగితాలు పట్టుకుని వెళ్లాలో అతనికి తెలియకుండా ముందే ఆలోచించుకోవాలి.

తాగుడును, గాయాన్ని, హింసను కలిపి పట్టించుకుంటే ఫలితం ఉంటుందనడానికీ ఆధారం ఉంది. జాంబియా రాజధాని లుసాకాలో 248 జంటలతో జరిగి 2020లో వెలువడిన ప్రయోగంలో, శిక్షణ పొందిన సాధారణ కార్యకర్తలు అందించిన చికిత్స వల్ల స్త్రీలపై హింస, ప్రమాదకరమైన తాగుడు రెండూ తగ్గాయి. ఆ చికిత్స ఆమెను ఓర్చుకుంటూ కూర్చోమనలేదు.

ఆమెకు నేను రాసిన జవాబులో ముందు అడిగింది అతను మళ్లీ తాగాడా అని కాదు, ఎప్పుడైనా గొంతు పట్టుకున్నాడా అని. చాలాసేపటికి "రెండుసార్లు" అని వచ్చింది. మర్నాడు పొద్దున అతను పనికి వెళ్లాక ఇద్దరం కూర్చుని, ఆమె కాగితాలు ఎక్కడెక్కడ ఉన్నాయో రాసుకున్నాం.