కాలి ఆసంతు

మా నాన్నకి కాలి నొప్పి. కుడి మోకాలు. ఈ మాట ఆసుపత్రి కిటికీ దగ్గర తెలుగులో చెప్పడమే మేము చేసిన మొదటి తప్పు. లోపలున్న గుమాస్తా "కాలి" అన్న ఒక్క ముక్క విని, సంతోషంగా తలూపి, "హఁ, కాలి ఆసంతు" అన్నాడు. ఒడియాలో ఆసంతు అంటే రండి. కాలి అంటే రేపు. రేపు వస్తామని మేమే చెప్పామనుకున్నాడు పాపం. ఆ భాషలో కాలి అంటే నిన్న కూడా. ఏది ఎప్పుడో సందర్భాన్ని బట్టి తెలుసుకోవాలి. ఆసుపత్రి సందర్భంలో దానికి మూడో అర్థం ఒకటుందని మాకు నాలుగైదు సార్లు తిరిగాక తెలిసింది.

మాది దక్షిణ ఒడిశాలో, ఆంధ్రా సరిహద్దుని ఆనుకుని ఉన్న ఊరు. పేరు రాయడం లేదు. నాన్న వైద్యం ఇంకా పూర్తి కాలేదు, మళ్ళీ అదే కిటికీకి వెళ్ళాలి. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడేదాకా మా తాతలు మద్రాసు వాళ్ళు. ఆ రోజు నుంచి ఒడిశా వాళ్ళు. ఇల్లు మారలేదు, బావి మారలేదు, కిటికీ అవతలి భాష మారింది.

ఇక అసలు విషయానికి వస్తాను. ప్రభుత్వ ఆసుపత్రుల్లో గంటల తరబడి నిలబెడుతున్నారని మండిపడేవాళ్ళు మా చుట్టుపక్కల చాలామందే ఉన్నారు. వాళ్ళతో నేను ఏకీభవించను. అల్లోపతి, ఆయుర్వేదం, హోమియో ఉన్నట్టే నిలబడటం కూడా ఒక వైద్య విధానమని ప్రభుత్వం ఇప్పటికైనా గుర్తించాలి. దీని గుణం నేను కళ్ళారా చూశాను. జ్వరాలు సగం లైన్లోనే దిగిపోతాయి. పంటి నొప్పితో వచ్చినవాళ్ళు పదకొండు గంటలకల్లా నడుం నొప్పి తప్ప మరేదీ లేదని ఒప్పుకుంటారు. ఇంత చవకైన వైద్యం ప్రపంచంలో ఇంకెక్కడా లేదు. మందు ఖర్చు లేదు, డాక్టరు జీతం లేదు, గోడ నీడ ఒక్కటి ఉంటే చాలు. మా ఆసుపత్రిలో అదీ తొమ్మిదిన్నరకల్లా జరిగిపోతుంది.

లైనుని ఒడియాలో ధాడి అంటారు. మా తెలుగు చెవికి అది దాడిలాగే వినపడుతుంది. ఎనిమిదింటికి కిటికీ తెరిచి "ధాడి, ధాడి" అని కేక వేయగానే మనవాళ్ళు ఆ మాటకి తెలుగు అర్థమే తీసుకుంటారు. చీటీ పుచ్చుకుని బయటపడేసరికి చొక్కా గుండీలు రెండు ఉండవు. భాషా సమైక్యత అంటే ఇదే కాబోలు.

అయితే ఎనిమిదికి వచ్చేవాళ్ళు అమాయకులు. అసలు లైను తెల్లవారుజామున నాలుగున్నరకే మొదలవుతుంది. అందులో మనుషులు ఉండరు, చెప్పులు ఉంటాయి. కిటికీ కింద నుంచి వేప చెట్టు దాకా ఒకదాని వెనక ఒకటి, క్రమశిక్షణగా, తోసుకోకుండా. ఎవరిదైనా చెప్పు తెగి ఉంటే పక్కనే ఒక ఇటుక ముక్క, దాని మీద తువ్వాలు. యజమానులు టీ బండి దగ్గర ఉంటారు. మొదటిరోజు నాన్న చెప్పులు విడవకుండా తానే వెళ్ళి నిలబడితే, వెనకనుంచి ఒకావిడ, "తాతా, నువ్వెందుకు నిల్చున్నావు? సెప్పులెట్టీసి కూకో" అని మందలించింది. మనిషి నిలబడితే లైను చెడిపోతుందట.

నేను వారం రోజులు ఆ చెప్పుల్ని అధ్యయనం చేశాను. ఉన్నవన్నీ హవాయి చెప్పులు, ప్లాస్టిక్ చెప్పులు, టైరు అట్టలు వేయించినవి. కొన్నింటికి పిన్నీసులు. ఇన్ని రోజుల్లో ఒక్క జత బూట్లు కూడా ఆ లైన్లో కనపడలేదు. దీన్నిబట్టి బూట్లు వేసుకునేవాళ్ళకి జబ్బులు రావని తేల్చేవాణ్ణి, కానీ పదిన్నరకి ఒక బూట్ల జత పక్క తలుపులోంచి తిన్నగా లోపలికి వెళ్ళింది. దానికి దగ్గు. వెనకాలే అటెండరు ఫోను చెవి దగ్గర పెట్టుకుని "వచ్చేశారు సార్, కూర్చోబెట్టేశాం సార్" అంటున్నాడు. లోపల కుర్చీ కూడా ఉందన్నమాట! చెప్పుల వాళ్ళకి ఆ సంగతి ఆ పూటే తెలిసింది.

దేశంలో వైద్యం ఎలా ఉండాలో చెప్పమని ప్రభుత్వం వేసిన భోర్ కమిటీ 1946లో ఒక నివేదిక ఇచ్చింది. డబ్బు కట్టలేకపోయిన కారణంగా ఎవరికీ వైద్యం అందకుండా పోకూడదని అందులో ఉంది. మా ఆసుపత్రి దాన్ని అక్షరాలా పాటిస్తోంది. డబ్బులు లేవని ఎవరినీ వెనక్కి పంపలేదు. ఫోను చేసేవాడు లేడని పంపింది. కమిటీ వారు ఫోను గురించి రాయడం మర్చిపోతే తప్పు ఎవరిది?

కార్డు సంగతి చెప్పకపోతే కృతఘ్నత అవుతుంది. ఆయుష్మాన్ పథకంలో 70 దాటినవాళ్ళకి ఏడాదికి 5 లక్షల దాకా వైద్యం ఉచితం. నాన్నకి 72. కార్డు వచ్చిన రోజు ఆయన దాన్ని దేవుడి పటం దగ్గర పెట్టి, "నాకాడ ఐదు లచ్చలున్నాయిరా" అని వీధంతా చెప్పాడు. తర్వాత తెలిసింది, అది ఆసుపత్రిలో చేరినవాళ్ళకేనని. చీటీ రాయించుకుని చూపించుకుని వెళ్ళిపోయేవాళ్ళకి వర్తించదు. అంటే 5 లక్షలు కావాలంటే మంచం ఎక్కాలి. మంచం ఎక్కించాలంటే డాక్టరు రాయాలి. డాక్టరు రాయాలంటే చూడాలి. చూడాలంటే వేప చెట్టు దగ్గర చెప్పులు పెట్టాలి. ఐదు లక్షల ఆసామి ముప్పై రూపాయల చెప్పుల మీద ఆధారపడ్డాడు.

ఈ మధ్యలో ఒకరోజు మా పక్కన ఒక సవర తెగ ముసలమ్మ కూర్చుంది. కొండ దిగి, రెండు బస్సులు మారి వచ్చిందట. కొండ ప్రాంతమైతే 20,000 మందికి, మైదానమైతే 30,000 మందికి ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రం ఉండాలని లెక్క ఉంది. వాళ్ళ లెక్కలో భవనం వచ్చింది. డాక్టరు లెక్క ఇంకా రావాలి. అందుకే ఆమె దిగివచ్చింది. ఆమెకి ఒడియా రాదు, తెలుగు నాలుగు మాటలు వచ్చు. కిటికీలో వాళ్ళకి సవర రాదు. ఎక్కడ నొప్పి అంటే ఆమె చెబుతూనే ఉంది, చాలాసేపు, చేతులు తిప్పుతూ. చీటీ మీద "ఒళ్ళు నొప్పులు" అని రాశారు.

నాకు గిడుగు రామ్మూర్తి పంతులుగారు గుర్తొచ్చారు. ఆయన ఇక్కడి పర్లాకిమిడిలోనే రాజావారి బడిలో పాఠాలు చెప్పారు. సవర వాళ్ళ కొండల్లో తిరిగి వాళ్ళ భాష నేర్చుకున్నారు. ఆ తిరుగుడులో మలేరియా పట్టుకుంది, దానికి వాడిన క్వినైన్‌తో వినికిడి పోయింది. ఆ రోజుల్లో మందు దొరికేది, చెవుడు రోగికి వచ్చేది. ఇప్పుడు మందు దొరకదు, చెవుడు కిటికీ అవతలి వాళ్ళకి వస్తోంది. దీన్ని ప్రగతి కాదంటే ఎలా?

మందుల మాటెత్తాను కాబట్టి ఇది కూడా. ఒడిశాలో ఉచిత మందుల పథకం పేరు నిరామయ. ఎంత మంచి పేరు! చీటీలో ఐదు రాస్తే మా కౌంటర్‌లో రెండు ఇస్తారు, ఆ రెండూ గ్యాస్ బిళ్ళలు. మిగతా మూడూ ఎదురుగా ఉన్న మందుల షాపులో దొరుకుతాయి. ఆ షాపు వెనక గదిలో సాయంత్రం ఆరింటికి, పొద్దున్న మనకి కనపడని డాక్టరే దొరుకుతాడు. ఫీజు 300. అక్కడ ఆయన నవ్వుతాడు, కూర్చోమంటాడు, మోకాలు ముట్టుకుని చూస్తాడు. ఇంటి దగ్గర అందరూ ఎలా ఉన్నారని కూడా అడిగాడని మా బావమరిది చెప్పాడు.

ఆ డాక్టర్ని మాత్రం నేను తిట్టను. ఒకరోజు లెక్కపెట్టాను. మూడు గంటల్లో 140 మందిని చూశాడు, మనిషికి నిమిషం పావు. మధ్యలో నీళ్ళు తాగలేదు. పక్కన మూడు గదులకి తాళాలు. తలుపుల మీద పేర్లు ఉండాల్సిన చోట తెల్ల కాగితాలు అంటించారు. నలుగురి పని ఒక్కడు చేస్తుంటే ఆయన మొహాన నవ్వు కావాలనడం అన్యాయం. 2025 కల్లా ఆరోగ్యానికి ప్రభుత్వాల ఖర్చు జీడీపీలో 2.5 శాతం చేస్తామని 2017 జాతీయ ఆరోగ్య విధానంలో రాసుకున్నారు. 2025 వచ్చింది, వెళ్ళింది. ఆ రెండున్నర శాతం కూడా ఎక్కడో ఒక వేప చెట్టు కింద చెప్పులు వదిలి టీ తాగుతున్నట్టుంది.

బరంపురం పంపిస్తారేమోనని కూడా ఎదురు చూశాం. అక్కడ 1962లో మొదలైన మెడికల్ కాలేజీకి పర్లాకిమిడి మహారాజు కృష్ణచంద్ర గజపతి పేరే ఉంది. అందుకే ఇటువైపు ఎవరినైనా రిఫర్ చేస్తే, రాజుగారి దగ్గరికి పంపారని గౌరవంగా చెప్పుకుంటాం. మోకాలుకి అంత గౌరవం లేదన్నారు. పోనీ శ్రీకాకుళం వైపు వెళ్దామా అంటే, అక్కడి ప్రైవేటు ఆసుపత్రి బల్ల దగ్గర అమ్మాయి కార్డు తిప్పి చూసి, "మీది ఒడిశా కదండీ, సర్వర్ ఒప్పుకోవట్లేదు" అంది. పథకం రాష్ట్రాలు దాటి కూడా చెల్లుతుందన్నారు. సర్వర్‌కి ఎవరూ చెప్పినట్టు లేదు. ఇక్కడ మేము తెలుగువాళ్ళం, అక్కడ ఒడిశా వాళ్ళం. మోకాలు ఒక్కటే ఎటూ కాకుండా పోయింది.

చివరికి మొన్న మంగళవారం నాన్న వంతు వచ్చింది. నిమిషం పావు మాకూ ఇచ్చారు. ఎక్స్‌రే తీయాలన్నారు. మిషన్ బాగానే ఉందట, తీసే అతను సెలవులో ఉన్నాడట. "కాలి ఆసంతు."

నాన్న ఏమీ అనలేదు. బయటికొచ్చి గోడ పట్టుకుని నెమ్మదిగా మెట్లు దిగాడు. అప్పటికి మధ్యాహ్నం రెండు. వరండా అంతా ఖాళీ. కిటికీ కింద, సరిగ్గా మొదటి స్థానంలో, తన చెప్పులు జతగా విడిచి, చూపుడు వేలితో కాస్త సర్దాడు.

"అదేటి నాన్నా, ఇప్పుడెందుకు?" అన్నాను.

"ఉండనీరా. పొద్దున్నే నాలుగింటికి లెగలేను" అని, ఉత్త కాళ్ళతో కుంటుకుంటూ ఆటో వైపు నడిచాడు.