నిమ్మళంగా కనిపించే నీటితోనే ముప్పు

గాలి హోరెత్తిన రోజున సముద్రం ప్రమాదకరమని అందరికీ తెలుసు. అందుకే పెద్దలు కెరటాలు విరుచుకుపడే చోటు నుంచి పిల్లల్ని పక్కకు తెచ్చి, అలలు లేని చోట నీళ్లలోకి దించుతారు. అసలు ముప్పు తరచూ పొంచి ఉండేది అక్కడే.

ఒడ్డును తాకిన నీరు తిరిగి వెళ్లడానికి ఇసుక తిన్నెల నడుమ దారి చేసుకుంటుంది. ఆ దారి లోతుగా ఉంటుంది కనుక అక్కడ అలలు అంతగా విరగవు. అటూ ఇటూ తెల్లని నురగ, మధ్యలో కాస్త ముదురు రంగు పాయ, దానిమీద ఇసుక కలిసిన నురగ తెట్టెలు లోపలికి సాగిపోవడం కనిపిస్తే అది రిప్ కరెంట్. ఉద్ధృతంగా ఉన్నప్పుడు దాని వేగం సెకనుకు 2 మీటర్లు దాటుతుంది. ఒలింపిక్ ఈతగాళ్లకైనా దానికి ఎదురీదడం దాదాపు అసాధ్యం.

ఆ ప్రవాహం మనిషిని అడుగుకు లాగదు, తీరానికి దూరంగా మోసుకుపోతుంది. ఒడ్డు కళ్లెదుటే ఉందన్న ఆరాటంతో దానికి ఎదురీది, సత్తువంతా పోగొట్టుకోవడమే ప్రాణాంతకమవుతోంది. వెల్లకిలా తేలుతూ చెయ్యెత్తి సాయం కోరాలి. ఓపిక ఉంటే తీరం వెంబడి అడ్డంగా ఈది, అలలు విరిగే చోటికి చేరి, వాటితోపాటు ఒడ్డుకు రావాలి. ఈత నేర్పే ప్రతి కొలనులోనూ మొదటి వారమే ఈ పాఠం చెప్పించాలని మేము కోరుతున్నాం.

మమ్మల్ని ఎక్కువగా కలచివేసేది మరొకటి. కొట్టుకుపోతున్న బిడ్డ కోసం దూకిన తండ్రి, స్నేహితుడి కోసం దూకిన కుర్రాడు తిరిగి రాకపోవడం. వారి తెగువను తప్పుపట్టే హక్కు ఎవరికీ లేదు. కానీ ఖాళీ చేతులతో దూకడం కంటే తాడో, గాలి ట్యూబో, మూత బిగించిన ఖాళీ డబ్బానో విసిరి, లైఫ్‌గార్డును పిలవడమే ఆ ప్రాణాన్ని నిలిపే మార్గం.

నేల మీది నుంచి సముద్రం వైపు వీచే గాలి ఇంకా మోసకారి. అది ఒడ్డు దగ్గరి నీటిని చదును చేసి, గాలి నింపిన పరుపునూ దానిపై ఉన్న పిల్లనూ చూస్తుండగానే లోపలికి తోసేస్తుంది. బొమ్మ ఒక్కటే కొట్టుకుపోతే పోనివ్వాలి, దాని వెంట ఈదకూడదు. గాలి వేగం రెట్టింపైతే దాని తాకిడి నాలుగింతలవుతుంది కాబట్టి ఇసుకలో గుచ్చిన పెద్ద గొడుగు కూడా ఎగిరి ఈటెలా దూసుకురాగలదు. ఇక ఆకాశం నిర్మలంగా ఉందన్న ధీమా వద్దు. ఎక్కడో పుట్టిన తుపాను రేపిన కెరటాలు రోజుల తర్వాతైనా ఎండకాస్తున్న తీరాన్ని తాకుతాయి. తడిసిన రాళ్లపై నిలబడి ఫొటోలు తీసుకునేవారిని ఈడ్చుకుపోయేది అలాంటి ఒక్క కెరటమే. ఘనమీటరు నీరు దాదాపు టన్ను బరువుంటుంది.

ఎర్రజెండా అంటే ముప్పు తీవ్రంగా ఉందని అర్థం. రెండు ఎర్రజెండాలంటే నీటిలోకి ఎవరూ దిగకూడదు. చాలా దేశాల్లో ఒక్క ఎర్రజెండా ఎగిరినా నీటిలోకి దిగకూడదనే అర్థం. అయితే జెండా పాతి, బోర్డు తగిలించి చేతులు దులుపుకొనే అధికారులను మేము సమర్థించలేం. గాలి ముదిరిన రోజునే కాపలా రెట్టింపు చేయాలి. ఏ పాయ ఎటు మారిందో ఉదయం, మధ్యాహ్నం పరిశీలించి జెండాల చోటు మార్చాలి. చీకటిపడే దాకా తీరంలో సుశిక్షితులైన సిబ్బంది ఉండాలి. ఆ ఖర్చును బడ్జెట్‌లో ఏటా తప్పనిసరి పద్దుగా చేర్చాలి.