వీసీడీలో ఉన్న గీతే 4కేలోనూ

మొన్న ఆదివారం మధ్యాహ్నం చెన్నై జాఫర్‌ఖాన్‌పేటలోని మా ఇంట్లో ఒకే సినిమాను మూడుసార్లు చూశాం. మొత్తం కాదు, ఒక పాటా దాని తర్వాత వచ్చే సీనూ. ఎనభైల్లో వచ్చిన స్కోప్ (వెడల్పాటి తెర) సినిమా అది. పేరు చెప్పను, చెబితే ఆ హీరో అభిమానులతో లేనిపోని గొడవ. ముందు వీసీడీ పెట్టాను, తర్వాత డీవీడీ, చివరికి '4కే రీమాస్టర్డ్' అని ఇంటర్నెట్‌లో ఎవరో పెట్టిన కాపీ. పక్కన కుర్చీలో మా పెదనాన్న. వడపళని వైపు ఒక ల్యాబులో పాతికేళ్లు కలర్ గ్రేడింగ్, అంటే సినిమా రంగులు సరిచేసే పని చేసి రిటైరయ్యారాయన.

డీవీడీలో పాట అయిపోతుండగా "ఆపరా, కాస్త వెనక్కి తిప్పు" అన్నారు. తిప్పాను. హీరోయిన్ చెంప మీదుగా పైనుంచి కిందికి సన్నటి ఆకుపచ్చ గీత, రెండు సెకన్లపాటు వణుకుతూ ఉండి మాయమైంది. కాసేపటికి కుడివైపు పైమూల ఒక మచ్చ తళుక్కుమంది.

"ఆ మచ్చ రీలు మార్చమని హాల్లో ఆపరేటర్‌కి గుర్తు. గీత ఆకుపచ్చగా ఉంది చూశావా, అది ప్రింటు మీద, అంటే హాలుకు పంపే కాపీ మీద పడ్డ గీత. ప్రింటులో పైపొర మెజెంటా రంగుది. అది గీసుకుపోయిన చోట ఆకుపచ్చ బయటపడుతుంది. నెగటివ్ మీద, అంటే కెమెరాలో తిరిగిన అసలు ఫిల్ము మీద గీత పడితే తెరమీద ఈ రంగు రాదు. వీళ్లు నెగటివ్ జోలికే పోలేదురా, హాల్లో ఆడి ఆడి వచ్చిన ప్రింటు తెచ్చి టెలిసినీలో, అదే ఫిల్మును వీడియోగా మార్చే యంత్రంలో, పెట్టేశారు."

వీసీడీ మళ్లీ పెట్టి అదే చోటుకు వెళ్లాం. ఆ మసకలో కూడా గీత ఉంది. ఇక 4కే కాపీ. అక్కడా ఉంది, అదే చెంప మీద, అదే క్షణంలో. మూల మచ్చ కూడా ఎక్కడికీ పోలేదు. వీసీడీ చుక్కల (పిక్సెళ్ల) లెక్కతో పోలిస్తే 4కే లెక్క 80 రెట్లు పైమాటే. అయినా మూడింటికీ తల్లి ఒక్కటే, ఎప్పుడో ఎవరో అరిగిపోయిన ప్రింటు నుంచి ఎక్కించిన ఒక టేపు.

డిస్కుల నాణ్యత గురించి మనవాళ్లు మాట్లాడుకునేటప్పుడు ఎప్పుడూ అంకెలే మాట్లాడతారు. అంకెలు అబద్ధం కావు. వీసీడీ ప్రమాణం 1993లో వచ్చింది. మన దేశపు టీవీ ప్రమాణమైన పాల్ పద్ధతిలో దాని బొమ్మ 352 × 288 చుక్కలు. 1996లో జపాన్‌లో మొదలైన డీవీడీలో 720 × 576. 2006లో వచ్చిన బ్లూరేలో 1920 × 1080. 2016లో వచ్చిన అల్ట్రా హెచ్‌డీ బ్లూరేలో 3840 × 2160. ఒక్కో మెట్టుకూ చుక్కలు నాలుగైదు రెట్లు పెరిగాయి. నా అభిప్రాయం మాత్రం ఇది: తెలుగు సినిమా వరకు వీసీడీ నుంచి డీవీడీకి మారినప్పుడు వచ్చిన తేడా నిజంగా డిస్కుదే. ఆ తర్వాతి మెట్లలో తేడా డిస్కులో కన్నా దాంట్లోకి ఎక్కించిన ప్రింటులోనే ఎక్కువ ఉంది.

మొదటి మెట్టు సంగతి చూద్దాం. మన సినిమాల్లో స్కోపే ఎక్కువ. 1974లో 'అల్లూరి సీతారామరాజు' తొలి తెలుగు సినిమాస్కోప్ చిత్రంగా వచ్చాక అదే మనకు అలవాటైపోయింది. స్కోప్ బొమ్మను 4:3 టీవీలో పెడితే పైనా కిందా నల్ల పట్టీలు వస్తాయి. వీసీడీ బొమ్మకు ఉన్నవే 288 గీతలు, అంటే చుక్కల అడ్డ వరసలు. అందులో పట్టీలు తినేయగా బొమ్మకు మిగిలేవి సుమారు 163. ఆ 163 గీతల్లోనే హీరో కళ్లు, హీరోయిన్ నగలు, వెనకాల వరసగా పేర్చిన వంద బిందెలు అన్నీ ఇమడాలి. బిందెల పాటల్లో వెనకాల ఏముందో వీసీడీ తరానికి తెలియదంటే వాళ్ల తప్పు కాదు.

డీవీడీ సరిగ్గా చేస్తే, అంటే వైడ్‌స్క్రీన్ టీవీ కోసం బొమ్మను అడ్డంగా నొక్కి ఎక్కించి ప్లేయర్‌తో మళ్లీ సాగదీయిస్తే, అదే బొమ్మకు 436 గీతలు దక్కుతాయి. ఆ ఓపిక లేక నల్ల పట్టీలతో సహా ఎక్కిస్తే 327 దగ్గర ఆగిపోతుంది. నా బీరువాలో ఉన్న తెలుగు డీవీడీల్లో ఈ రెండో రకమే ఎక్కువ. అమెరికాలోని తెలుగువాళ్ల కోసం వచ్చినవి కొన్ని నయం. అమెరికా టీవీ ప్రమాణమైన ఎన్‌టీఎస్‌సీ పద్ధతి కాబట్టి గీతలు తక్కువే అయినా పని శ్రద్ధగా చేశారు. వాటిలో ఇంకో లాభం ఉంది, సినిమా అసలు వేగంతోనే ఆడుతుంది. పాల్ డిస్కులో సెకనుకు 24 ఫ్రేముల సినిమాను 25గా పరుగెత్తిస్తారు. రెండున్నర గంటల సినిమా ఆరు నిమిషాల ముందే అయిపోతుంది, పాటల శ్రుతి కాస్త ఎక్కుతుంది. బాలు గొంతు క్యాసెట్‌లో ఒకలా, డీవీడీలో ఒకలా ఎందుకుందని చిన్నప్పుడు బుర్ర బద్దలు కొట్టుకున్నాను.

అయినా వీసీడీని అంత తీసిపారేయక్కర్లేదు. 21 అంగుళాల డబ్బా టీవీ, పదడుగుల దూరంలో చాప. మామూలు కంటి చూపుకు అంత దూరం నుంచి ఆ టీవీలో 288 గీతలు దాదాపు సరిపోతాయి. పైగా పిక్చర్ ట్యూబు బొమ్మను మెత్తగా కలిపేసి చూపిస్తుంది. ఇప్పుడదే వీసీడీని 55 అంగుళాల 4కే టీవీలో పెడితే, డిస్కులోని ఒక్కో చుక్కకూ టీవీ 80 చుక్కలు పూరించాలి. లేని వివరం ఎక్కడినుంచి తెస్తుంది? ముఖాలన్నీ చతురస్రాలుగా పగిలిపోతాయి. "అప్పట్లో ఇంత ఘోరంగా లేదే" అంటుంది మా ఆవిడ. నిజంగానే లేదు. డిస్కు మారలేదు, గోడ మీద టీవీ మారింది.

డీవీడీ రోజుల్లో జరిగిన అన్యాయం ఒకటి చెప్పాలి. 2007లో మోజర్ బేర్ వీసీడీని 28 రూపాయలకు, డీవీడీని 34 రూపాయలకు తెచ్చాక అసలు డిస్కు కొనడం మధ్యతరగతికి అలవాటైంది. బర్మా బజార్‌లో పైరసీ కాపీలు కొనే నాలాంటివాళ్లు కూడా మారారు. అది మంచికే. కానీ ఆ తర్వాత బజారంతా 'ఒకే డీవీడీలో 3 సినిమాలు' అనే సరుకుతో నిండిపోయింది. లెక్క వేయండి. ఒక పొర డీవీడీలో పట్టేది 4.7 జీబీ. రెండున్నర గంటల సినిమాలు మూడు కుక్కితే సెకనుకు దక్కే డేటా సుమారు 1.4 మెగాబిట్లు, ధ్వనితో కలిపి. వీసీడీలో ఉండేదీ సరిగ్గా అంతే! చుక్కలు నాలుగు రెట్లు, డేటా మాత్రం పాతదే. నలుగురికి వండిన అన్నం పదహారు మందికి వడ్డించినట్టు. కదలని సీను ఫర్వాలేదు. వాన పడినా, కుంకుమ చల్లినా, వెనకాల యాభైమంది డాన్సర్లు ఒక్కసారి ఊగినా బొమ్మంతా గడులు గడులుగా విరిగిపోయేది. అలాంటి డిస్కుల కన్నా మంచి వీసీడీ నయమని ఇప్పటికీ అంటాను. ఒక్క సినిమానే రెండు పొరల డీవీడీలో 7.5 మెగాబిట్ల దాకా ఇస్తూ ఎక్కించినవి మాత్రం ఈనాటికీ చూడబుద్ధేస్తాయి.

బ్లూరే దగ్గరికొస్తే కథ మారుతుంది. 50 జీబీ చోటు, బొమ్మకే సెకనుకు 40 మెగాబిట్ల దాకా, స్కోప్ బొమ్మకు 817 గీతలు. కుక్కాల్సిన అవసరమే లేదు. ఇక్కడ బయటపడేది ప్రింటు బండారం. డీవీడీలో కనబడని గీతలు, దుమ్ము, వెలిసిన రంగు అన్నీ తేటగా కనిపిస్తాయి. పాత ఈస్ట్‌మన్ కలర్ ప్రింట్లలో సయాన్ (నీలి ఆకుపచ్చ) రంగు ముందు పోతుంది, బొమ్మంతా గులాబీగా తిరుగుతుంది. హాలుకు పంపే ప్రింటు నుంచి టెలిసినీ చేస్తే ఇంకో తిప్పలు. అది తెరమీద వెలుగు కోసం గట్టి కాంట్రాస్ట్‌తో చేసినది. నీడలు నల్లగా ముద్దకట్టేస్తాయి. "తలకట్టు, నల్లకోటు, వెనకాల చీకటి, మూడూ ఒకటైపోయాయి. నెగటివ్‌లో మూడూ విడివిడిగా ఉంటాయిరా" అని పెదనాన్న ఆ ఆదివారం పాట తర్వాతి సీను దగ్గర నిట్టూర్చారు.

ఆ నెగటివ్‌లు ఎక్కడివి? చాలావరకు ఈ ఊరివే. తెలుగు సినిమా దశాబ్దాలపాటు మద్రాసులోనే తయారైంది. వడపళని, సాలిగ్రామం, కోడంబాకం చుట్టూ స్టూడియోలు, ల్యాబులు. సముద్రపు గాలి, ఉక్కపోత, ఏసీ లేని గది, ఈ మూడూ అసిటేట్ అనే ప్లాస్టిక్‌తో చేసిన ఆ ఫిల్ముకు శత్రువులు. డబ్బా మూత తీయగానే గుప్పుమని వెనిగర్ వాసన కొడితే ఆ రీలు పని అయిపోయినట్టేనని పెదనాన్న చెబుతారు. ఫిల్ము ముడుచుకుపోయి, అంచులు వంకర్లు తిరిగి, మెషీన్‌లో ఎక్కదు. తమాషా ఏమిటంటే, దెబ్బతిన్న ఫిల్మును ఫ్రేము ఫ్రేముగా బాగుచేయడంలో ప్రపంచంలో పేరున్న ప్రసాద్ సంస్థ కూడా ఈ ఊళ్లోనే ఉంది. పనితనానికి కొదవ లేదు. మన నిర్మాతలకు పాత సినిమా మీద ఖర్చుపెట్టే మనసే లేదు. డబ్బు లేదంటారు గానీ, రీరిలీజుల బెనిఫిట్ షోలకు ఎక్కడినుంచి వస్తోందో?

ఇక 4కే. 43 అంగుళాల టీవీని ఐదున్నర అడుగులు దాటి కూర్చుని చూస్తే 1080కీ 4కేకీ చుక్కల తేడా మామూలు కన్ను పట్టుకోలేదు. 55 అంగుళాలకైతే ఏడడుగులు. మా హాల్లో సోఫా తొమ్మిదడుగుల దూరంలో ఉంది. కాబట్టి ఆ చుక్కల కోసం పెట్టిన డబ్బు నాకు దండగే. 4కే డిస్కు గొప్ప అసలు చుక్కల్లో లేదు. ఒక్కో రంగుకు 256 మెట్ల బదులు 1024 మెట్లు ఇవ్వడంలో, వెలుగుకూ చీకటికీ మధ్య తేడాను ఇంకా ఎక్కువగా చూపించే హెచ్‌డీఆర్‌లో ఉంది. సాయంత్రపు ఆకాశం డీవీడీలో చారలు చారలుగా కనబడితే ఇందులో ఒకే పూతగా జారుతుంది. దీపం నిజంగా దీపంలా మెరుస్తుంది. అది కూడా టీవీకి అంత వెలుతురు ఇచ్చే సత్తా ఉంటేనే. పెట్టె మీద హెచ్‌డీఆర్ అని అచ్చువేసిన చవక టీవీల్లో చాలావాటికి ఆ సత్తా లేదు.

ఓటీటీలో 4కే ఉండగా డిస్కులెందుకు అంటారు. నెట్‌ఫ్లిక్స్ 4కేకి 15 మెగాబిట్ల లైను ఉండాలంటుంది. 4కే డిస్కు అవసరమైతే 100 దాటి పోగలదు. పొగ, వాన, జనం ఉన్న సీన్లలో ఆ తేడా కంటికి తెలుస్తుంది. కొత్త తెలుగు సినిమాలు 4కే డిస్కుగా దొరకడమే అరుదు కాబట్టి ఈ చర్చ మనకు పెళ్లికి ముందే సీమంతం లాంటిది. పాత సినిమాలకైతే అసలు ప్రమాదం వేరే ఉంది. ఆ ఆదివారం చూసిన '4కే రీమాస్టర్డ్' కాపీలో గ్రెయిన్, అంటే ఫిల్ముకు సహజంగా ఉండే సన్నటి రేణువులు, మొత్తం తుడిచేశారు. హీరో ముఖం మైనపు బొమ్మలా ఉంది, మీసం ఒకే నల్ల ముద్ద. డీవీడీలో ఉన్న పంచె నేత ఇందులో మాయం. అంకెల్లో 20 రెట్లు పెద్ద బొమ్మ, డీవీడీ కన్నా తక్కువ సమాచారం. మూల ఉన్న డీవీడీ కంపెనీ లోగోను చెరిపారు గానీ అక్కడ గాజుకు ఆవిరి పట్టినట్టు మసక మిగిలింది.

2015 డిసెంబర్ వరదల్లో మా గ్రౌండ్ ఫ్లోర్‌లో నడుములోతు నీళ్లు. అట్టపెట్టెలు, కవర్లు ముద్దైపోయాయి. డిస్కులన్నీ సబ్బునీళ్లతో కడిగి దండెం కింద పాత చీర పరిచి ఆరబెట్టాం. డీవీడీలు దాదాపు అన్నీ బతికాయి, వాటి డేటా రెండు ప్లాస్టిక్ పలకల మధ్య ఉంటుంది కాబట్టి. వీసీడీలో అది పైన అచ్చువేసిన బొమ్మ వెంబడే, పల్చటి లక్క పూత కింద ఉంటుంది. తుడుస్తుంటే వెండి పొర గోరింటాకులా ఊడి చేతికొచ్చింది. అలా నలభై దాకా పారేశాను. ఆదివారం చూసిన సినిమా వీసీడీ మటుకు పైన అటక మీద ఉండి బతికింది. మూడు డిస్కులు.

రెండేళ్ల కింద రిచీ స్ట్రీట్‌లో ఒక సెకండ్‌హ్యాండ్ బ్లూరే ప్లేయర్ కొన్నాను. బ్లూరే, డీవీడీ బ్రహ్మాండంగా ఆడుతుంది. వీసీడీ పెడితే గుర్తించను పొమ్మంటుంది. పాత డీవీడీ ప్లేయర్ ట్రే బయటికి రాదు, పక్కన చిన్న తట్టు తట్టాలి. మొన్న కూడా తట్టే తీశాను. ఎందుకింత తంటా అని మా ఆవిడ అడిగితే పెదనాన్నే జవాబు చెప్పారు. ఆ సినిమాలో రెండో పాట ఒకటుంది. డీవీడీలో కోసేశారు. 4కే కాపీలోనూ లేదు. ఆ 163 గీతల వీసీడీలో మాత్రం మొత్తం ఉంది, మూడు చరణాలతో సహా. రెండో చరణం దగ్గర డిస్కు కాసేపు గీకుతుంది, ఆ కాసేపూ పెదనాన్న పాడేస్తారు.