పబ్లిక్ గార్డెన్స్‌కు దిక్కెవరు?

నాంపల్లి పబ్లిక్ గార్డెన్స్‌లో ఇకపై కొత్తగా ఒక్క ఇటుక కూడా పడకూడదు. సభామండపమైనా, అతిథి గృహమైనా, పార్కింగ్ అయినా, ఎవరు ఏ పేరుతో అడిగినా సమాధానం ఒకటే కావాలి: కుదరదు. ఈ ఒక్క మాట అనగలిగే అధికారి ఇంతవరకు లేకపోవడమే హైదరాబాద్ దౌర్భాగ్యం.

1846లో బాగ్-ఎ-ఆమ్ (ప్రజల తోట) పేరుతో వెలిసిన ఈ తోట కథ పాఠకులకు తెలిసిందే. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ నలభయ్యో పుట్టినరోజుకు గుర్తుగా నగర ప్రజలు చందాలు వేసుకుని ఇక్కడ టౌన్‌హాల్ కట్టుకున్నారు. 1905లో మొదలైన పని 1913లో పూర్తయింది. జనం సొమ్ముతో లేచిన ఆ హాలే తర్వాత శాసనసభ అయింది. ఇప్పుడు అక్కడ పహారా దాటి లోపలికి వెళ్లడం చందా ఇచ్చినవారి మనవలకు సాధ్యం కాదు. సభకు ఆ భవనం చాలలేదని 1980వ దశకంలో పక్కనే ఇంకొకటి వచ్చింది. జూబిలీ హాల్, మ్యూజియం, బాలభవన్, ఇందిరా ప్రియదర్శిని ఆడిటోరియం, లలిత కళాతోరణం... ఒక్కొక్కటీ ‘ఇదొక్కటే కదా’ అంటూ వచ్చినదే.

ప్రభుత్వ అవసరాలకు నగరం నడిబొడ్డున స్థలం కావాలి, నిజమే. మ్యూజియం, బాలభవన్ తోటకు జనాన్ని రప్పిస్తున్నాయన్నదీ కాదనలేం. ఉన్నవాటిని పడగొట్టమని ఎవరూ అడగడం లేదు. మా భయమంతా, నిన్న కట్టింది రేపు కట్టబోయేదానికి అనుమతిపత్రంగా మారుతున్నదనే. ‘వాళ్లకు ఇచ్చారుగా, మాకెందుకు ఇవ్వరు?’ అని మరో శాఖ అడిగితే చెప్పడానికి జవాబు ఉండదు. ఒక్క మినహాయింపు చాలు, తర్వాత వచ్చేవన్నీ హక్కులైపోతాయి.

వేడుకలదీ ఇదే దారి. హైదరాబాద్ సంస్థానం భారత్‌లో కలిసిన సెప్టెంబర్ 17 ఉత్సవాలకు ఇదే వేదిక. గుంజలు పాతి, వాహనాలు తిప్పి, వేలమంది తొక్కిన నేల గట్టిపడి నీరు ఇంకదు. చెట్ల వేళ్లకు ఊపిరి ఆడదు. మర్నాటికి షామియానాలు ఎత్తేస్తారు. ఆ నేలను మళ్లీ గుల్లబరిచే పని మాత్రం మాలీల నెత్తిన పడుతుంది.

ఇంతకీ తోటను నడిపేది ఎవరు? చెట్లు ఉద్యానశాఖవి, మ్యూజియం వారసత్వ శాఖది, సభా భవనాలు శాసనసభ సచివాలయానివి. ఎవరి గోడ వరకు వారే యజమానులు. మొత్తం తోట తరఫున మాట్లాడేవారు లేరు. రోజూ పొద్దున్నే నడకకు వచ్చేవారిని, మాలీలను కలుపుకుని ఒకే యాజమాన్య మండలి ఏర్పడాలి. మిగిలిన పచ్చదనం హద్దులు గీసి, ఆ పటాన్ని ద్వారం దగ్గరే అందరికీ కనిపించేలా పెట్టాలి.

బెంగళూరులోని కబ్బన్ పార్కు, లాల్‌బాగ్ కోసం కర్ణాటక 1975లోనే పార్కుల పరిరక్షణ చట్టం చేసింది. మన దగ్గర 2019లో కొత్త శాసనసభ కోసం ఎర్రమంజిల్ పాత ప్యాలెస్‌ను కూల్చబోతే హైకోర్టు అడ్డుపడాల్సి వచ్చింది. ప్రతిసారీ కోర్టే కాపాడాలా? ఈ తోటకు ప్రత్యేక చట్టం చేయడానికి మన శాసనసభ్యులు ఎక్కడికో వెళ్లనక్కర్లేదు. వారు కూర్చున్నది ఆ తోటలోనే. ఇన్నేళ్లుగా ఆ నీడన కూర్చుని ఈ పని ఎందుకు చేయలేదో ముందు వారు జవాబు చెప్పాలి.